సియెర్రా మంచులో ఒక రోజు గడపడం: పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్‌పై జూన్ నెల నడకకు మార్గదర్శిని

మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా సుమారు 2,650 మైళ్ళు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్‌ను దక్షిణం నుంచి నడిచేవారు మొదటి 700 మైళ్ళూ దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలోనూ, ఎండిన కొండల్లోనూ గడిపి, కెన్నెడీ మెడోస్ అనే చిన్న ఊరికి చేరుకుంటారు. అక్కడితో ఎడారి ముగిసి సియెర్రా నెవాడా పర్వతాలు మొదలవుతాయి. జూన్ 15 ప్రాంతంలో అక్కడి నుంచి పైకి బయలుదేరడం పాతకాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. అంతకంటే ముందు వెళ్ళినా, చలికాలంలో మంచు విపరీతంగా కురిసిన 2017, 2023 వంటి సంవత్సరాల్లో ఆ తేదీకే వెళ్ళినా, బాట కనిపించదు. దాదాపు 10,000 అడుగుల పైన మైళ్ళ తరబడి మంచే ఉంటుంది. బే ఏరియాలో ఉద్యోగాలు చేసుకుంటూ, జాన్ మ్యూర్ ట్రయిల్ అనుమతి జూన్ నెలకు దొరికిందని సంబరపడే మన తెలుగువాళ్ళకు కూడా ఇదే నేల ఎదురవుతుంది, ఎందుకంటే ఆ రెండు బాటలూ చాలా దూరం ఒకటిగానే నడుస్తాయి.

ఎడారిలో రోజుకు 20 మైళ్ళు సునాయాసంగా నడిచినవారు ఇక్కడ 10 మైళ్ళకు పడిపోతారు. కొన్ని చోట్ల గంటకు ఒక మైలు సాగితే గొప్ప. అందువల్ల ‘ఈ రోజు ఎన్ని మైళ్ళు’ అన్న లెక్కను కెన్నెడీ మెడోస్‌లోనే వదిలిపెట్టి, ‘ఏ గంటకు ఎక్కడ ఉండాలి’ అన్న లెక్కను పట్టుకోవాలి. మంచు ఏ గంటలో గట్టిగా ఉంటుంది, ఏరు ఏ గంటలో తగ్గి ఉంటుంది అన్న రెండు విషయాలే లేవడాన్ని, తినడాన్ని, పడుకోవడాన్ని నిర్ణయిస్తాయి. కింద చెప్పబోయే వివరాలన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

మంచు గట్టిపడేది ఎప్పుడు

పగటి ఎండకు పైపొర కరిగి, రాత్రి చలికి మళ్ళీ గడ్డకట్టడం వసంతకాలపు మంచు స్వభావం. ఇలా కరుగుతూ, గడ్డకడుతూ వచ్చిన మంచు తెల్లవారుజామున సిమెంటు గచ్చులా మనిషి బరువును మోస్తుంది. ఉదయం తొమ్మిది, పది గంటలకు పైపొర మెత్తబడుతుంది. మధ్యాహ్నానికి అడుగు వేసిన ప్రతి చోటా కాలు మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగిపోతుంది. తెల్లవారుజామున ఒక గంటలో నడిచే దూరానికి మధ్యాహ్నం మూడు గంటలు పట్టడమే కాకుండా, ఒంట్లోని సత్తువ మొత్తం ఆ మూడు గంటల్లోనే హరించుకుపోతుంది.

గాలి చల్లగా ఉన్నంత మాత్రాన మంచు గట్టిపడుతుందని అనుకోకూడదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది కాబట్టి, గాలి ఉష్ణోగ్రత సున్నాకు కొద్దిగా పైన ఉన్నా పైపొర గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి ఆ వేడి బయటికి పోదు. అందుకని పడుకోబోయే ముందు ఒకసారి, అర్ధరాత్రి మెలకువ వస్తే మరొకసారి గుడారం నుంచి తల బయటపెట్టి నక్షత్రాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. కనిపిస్తే మూడు గంటలకు లేవవచ్చు. రాత్రంతా మబ్బుగా ఉండి, తెల్లవారుజామున గుడారం బయట కాలు పెట్టగానే మడమ దిగబడితే, ఆ రోజు నిటారు కనుమను ఎక్కే ప్రయత్నం మానుకోవడమే మంచిది. అందుకు అవసరమైన ఒక రోజు తిండి సంచిలో అదనంగా ఉండాలి.

బయలుదేరే ముందే మంచు ఎంత ఉందో తెలుసుకోవడానికి కాలిఫోర్నియా జలవనరుల శాఖ కొండల్లో అమర్చిన కొలత పరికరాలు పనికివస్తాయి. వాటిలో 11,000 అడుగులకు పైన ఉన్న బిగ్‌హార్న్ ప్లాటో పరికరం బాటకు దగ్గరలోనే ఉంది. దక్షిణ సియెర్రా గురించి దాని మాటే ఎక్కువగా నమ్మాలి. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన వారం కిందటి ఫొటోను చూసి నిర్ణయం తీసుకోవడం ప్రమాదకరం. జూన్‌లో ఒక వారం వ్యవధిలో మంచు ఎంత మారుతుందో, అంతకు రెట్టింపు ఏర్లు మారతాయి.

రాత్రి ఎక్కడ ఆగాలి

నా అభిప్రాయంలో మంచు నడకలో అతి ముఖ్యమైన నిర్ణయం పడక ఎక్కడ అన్నదే. కనుమను మంచు గట్టిగా ఉన్న వేళ దాటాలి. ఏరును నీరు తగ్గి ఉన్న వేళ దాటాలి. రెండింటికీ అనువైన వేళ తెల్లవారుజామే. ఉన్నది ఒక్క తెల్లవారుజాము కాబట్టి, ఆ రోజు దాన్ని దేనికి ఖర్చు చేయాలో ముందు రోజే తేల్చుకోవాలి.

ఈ బాట మొత్తంలో అత్యంత ఎత్తయిన చోటైన ఫారెస్టర్ కనుమనే ఉదాహరణగా తీసుకుందాం. దాని ఎత్తు 13,153 అడుగులు, అంటే సుమారు 4,009 మీటర్లు. దక్షిణం నుంచి వచ్చేటప్పుడు దానికి ముందు వాలెస్, రైట్, టిండాల్ అనే మూడు ఏర్లు వరసగా అడ్డువస్తాయి. మౌంట్ విట్నీ కింద ఉన్న క్రాబ్‌ట్రీ మెడోలో పడుకున్నవారు తీరిగ్గా పొద్దెక్కాక బయలుదేరితే, టిండాల్ ఏటి దగ్గరికి మధ్యాహ్నం దాటాక చేరతారు. అప్పటికి పైనున్న మంచంతా కరిగి ఏరు ఉరకలేస్తూ ఉంటుంది. ఇవతలి గట్టున ఆగిపోతే మర్నాడు తెల్లవారుజాము ఏటికి సరిపోతుంది కానీ, కనుమకు ఆలస్యమవుతుంది. అదే క్రాబ్‌ట్రీ నుంచి చీకటి ఉండగానే బయలుదేరితే వాలెస్, రైట్ ఏర్లను ఉదయాన్నే, టిండాల్‌ను మధ్యాహ్నం లోపే దాటి, అవతల మంచు లేని నేల వెతుక్కుని, మిగిలిన పగలంతా బట్టలు ఆరబెట్టుకుంటూ విశ్రాంతి తీసుకోవచ్చు. మర్నాడు తెల్లవారుజాము పూర్తిగా ఫారెస్టర్‌ది. పగలు ఒంటిగంటకే నడక ఆపడం మొదట్లో బద్ధకంగా అనిపిస్తుంది. రెండు కనుమలు దాటాక ఆ అభిప్రాయం దానంతట అదే మారిపోతుంది.

ప్రతి కనుమకూ ఇదే పద్ధతిలో ముందు రాత్రి మ్యాపు చూసి, దారిలో ఉన్న ఏర్లను గుర్తించి, వెనక నుంచి ముందుకు గంటలు లెక్కవేసుకోవాలి. గుడారానికి చెట్ల మధ్య మంచు కరిగిన నేల దొరికితే అదే ఉత్తమం. పైన ఎండిపోయిన కొమ్మలు వేలాడుతూ లేవని చూసుకోవాలి. లోయ అడుగున చల్లగాలి నిలిచిపోతుంది కాబట్టి, కొంచెం ఎత్తయిన చోటు మేలు. మంచు మీదే పడుకోక తప్పనిసరైతే, ఆ జాగాను కాళ్ళతో బాగా తొక్కి చదును చేసి, గట్టిపడేందుకు అరగంట వదిలేసి, అప్పుడు గుడారం వేయాలి. మేకులు నిలువుగా దిగేస్తే మంచులో నిలవవు. వాటిని తాడుతో కట్టి అడ్డంగా పాతిపెట్టి, పైన మంచు కప్పి తొక్కితే రాత్రికి బిగుసుకుంటాయి. పొద్దున్న వాటిని తవ్వితీయడానికి మరో పావుగంట పడుతుందని గుర్తుంచుకోవాలి.

తెల్లవారుజాము పనులు

మూడు గంటలకు లేచేవారికి మొదట ఎదురయ్యే సమస్య బూట్లు. పగలంతా తడిసిన బూట్లు రాత్రికి రాళ్ళలా బిగుసుకుపోతాయి. పడుకునే ముందే లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుకను బయటికి లాగి, నోరు తెరిచి ఉంచితే, గడ్డకట్టినా పొద్దున్న కాలు లోపలికి దూరుతుంది. లోపలి అట్టలను తీసి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోవాలి. నడకకు వాడే మేజోళ్ళు ఎలాగూ తడిసే ఉంటాయి. వాటిని పొట్ట మీద బట్టల మధ్య పెట్టుకుని పడుకుంటే కనీసం వెచ్చగా ఉంటాయి. రాత్రి పడుకోవడానికి మాత్రమే ఒక జత పొడి మేజోళ్ళు ఉంచుకుని, ఎంత కష్టమొచ్చినా వాటితో నడవకూడదు.

స్లీపింగ్ బ్యాగ్‌లోకి చేరవలసినవి ఇంకా ఉన్నాయి. నీటి ఫిల్టర్ ఒకసారి తడిసి గడ్డకడితే అందులోని సన్నని గొట్టాలు పగిలిపోతాయి. పైకి చూడటానికి బాగానే కనిపిస్తుంది కానీ నీటిని శుభ్రం చేయదు. ఫోను, పవర్ బ్యాంకు చలికి చార్జి కోల్పోతాయి. గ్యాసు డబ్బా చల్లబడితే మంట మందగిస్తుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది కాబట్టి, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బానే కొనాలి, దాన్నీ వెచ్చగా ఉంచుకోవాలి. ఇవన్నీ చేరాక మనిషి పడుకోవడానికి చోటు తక్కువవుతుంది, కానీ గత్యంతరం లేదు.

ఆ వేళ స్టవ్ వెలిగించి కూర్చోవడం కంటే, రాత్రే కలిపి పెట్టుకున్నది ఏదో కాస్త తిని కదలడం మంచిది. చీకట్లో మంచు మీద నడక మొదటి అరగంట భయంగా ఉంటుంది, ఆ తరవాత హెడ్‌ల్యాంప్ వెలుగు పడిన మేరకే లోకమన్నట్టు సాగిపోతుంది. జూన్ మొదట్లో సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో అవుతుంది. ఆ సమయానికి కనుమ అడుగున ఉండేట్టు చూసుకుంటే నిటారు భాగాన్ని వెలుతురులో ఎక్కవచ్చు.

కనుమ ఎక్కడం, దిగడం

ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి పట్టుకునే గొడ్డలి), దానితోపాటు బూట్లకు తొడిగే లోహపు పళ్ళు, అంటే మైక్రోస్పైక్స్ లేదా క్రాంపాన్లు లేకుండా జూన్ మొదట్లో ఫారెస్టర్, గ్లెన్, పించాట్, మేథర్, మ్యూర్ కనుమల వైపు వెళ్ళకూడదు. మైక్రోస్పైక్స్ మామూలు వాలుకు సరిపోతాయి. నిటారు వాలు మీద గట్టి మంచు ఉంటే పొడవాటి పళ్ళున్న క్రాంపాన్లే పట్టు ఇస్తాయి. ఐస్ యాక్స్‌ను సంచికి కట్టి తీసుకెళ్ళడం వల్ల ప్రయోజనం లేదు. వాలు మీద అడుగు పెట్టడానికి ముందే అది చేతిలో ఉండాలి, అదీ కొండ వైపున్న చేతిలో.

జారిన మొదటి ఒకటి రెండు సెకన్లలో ఆగకపోతే, గట్టి మంచు మీద వేగం పెరిగి ఇక ఆగడం దాదాపు అసాధ్యమవుతుంది. కాబట్టి జారినప్పుడు బోర్లా తిరిగి, యాక్స్ మొనను భుజం దగ్గర మంచులోకి దించి, ఒంటి బరువంతా దాని మీద మోపడాన్ని శరీరానికి అలవాటు చేయాలి. కింద రాళ్ళు, చెట్లు, నీళ్ళు లేని చిన్న వాలు చూసుకుని, వెల్లకిలా, బోర్లా, తలకిందుగా జారుతూ సాధన చేయాలి. సాధన సమయంలో కాళ్ళకు క్రాంపాన్లు ఉండకూడదు. పళ్ళు మంచులో ఇరుక్కుంటే చీలమండ విరుగుతుంది. కూర్చుని జారుతూ కిందికి దిగే సరదాకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. పై నుంచి చూస్తే అడుగు దాకా కనిపించని వాలు మీద ఆ సరదా అసలే వద్దు.

ఉత్తరానికి నడిచేవారికి కొండలు ఒక చిక్కు పెడతాయి. ఎక్కేది దక్షిణపు వాలు, దాని మీద ఎండ పడి మంచు త్వరగా కరుగుతుంది. దిగేది ఉత్తరపు వాలు, అక్కడ నీడ వల్ల మంచు లోతుగా, చాలా సేపు గట్టిగా ఉంటుంది. అందుకే ఎక్కడం పూర్తయిందని ఊపిరి పీల్చుకున్న తరవాతే జాగ్రత్త పెరగాలి. ఏడింటికి పైకి చేరినవారు అవతలి వాలు అద్దంలా మెరుస్తుంటే, గాలి తగలని చోట అరగంటో గంటో కూర్చుని, పైపొర మడమకు లొంగేంత మెత్తబడ్డాక దిగడం వివేకం. ఎక్కువసేపు ఆగితే మళ్ళీ దిగబడే బాధ మొదలవుతుంది. ఈ అంచనా రెండు మూడు కనుమలు దాటితే గానీ చేతికి రాదు.

ఫారెస్టర్ దక్షిణపు వాలు చివర బాట ఒక సన్నని నిటారు మంచు చీలికను అడ్డంగా దాటుతుంది. దూరం చాలా తక్కువే అయినా అక్కడ జారితే పడేది చాలా కిందికి. ఒకరు పూర్తిగా దాటాకే మరొకరు అడుగు పెట్టాలి. మ్యూర్ కనుమ దీనికి పూర్తిగా భిన్నమైనది; నిటారు కాదు, కానీ రెండు వైపులా మైళ్ళ పొడవునా మంచు పరుచుకుని ఉంటుంది. పైన 1930లో సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ కట్టించిన గుండ్రటి రాతి గుడిసె ఉంది. అది తుఫానులో తలదాచుకోవడానికే గానీ రాత్రి బస చేయడానికి కాదు. దక్షిణం వైపు నుంచి ఎక్కేటప్పుడు చాలా చోట్ల మంచు కిందే వాగు ప్రవహిస్తుంటుంది. నీళ్ళ చప్పుడు వినిపిస్తే పక్కకు తప్పుకుని, వాగుకు దూరంగా గట్టు వెంబడి నడవాలి.

కొత్తగా మంచు కురిసిన తరవాత ఒకటి రెండు రోజులు నిటారు వాలుల జోలికి వెళ్ళకూడదు. మధ్యాహ్నం వేళ ఎండ తగిలే వాలుల మీద నుంచి మంచు ఉండలు దొర్లుతూ రావడం కనిపిస్తే, పైనున్న తడి మంచు కదలడానికి సిద్ధంగా ఉందని అర్థం.

పొద్దెక్కాక

కనుమ దిగి మెత్తని మంచులో పడ్డాక తొందరపాటు పనికిరాదు. బండరాళ్ళు, చెట్టు మొదళ్ళు ఎండకు వేడెక్కి చుట్టూ ఉన్న మంచును లోపలి నుంచి కరిగిస్తాయి. పైకి చదునుగా కనిపించినా కింద గుల్లగా ఉంటుంది. వాటికి రెండు మూడు అడుగుల దూరంగా నడవాలి. కాలు దిగబడినప్పుడు బలంగా లాగితే మోకాలు మెలిపడుతుంది, బూటు లోపలే ఉండిపోతుంది. ముందు చేత్తోనో యాక్స్‌తోనో చుట్టూ తవ్వి, తరవాతే మెల్లగా బయటికి తీయాలి.

దారి విషయంలో ముందు వెళ్ళినవారి అడుగుజాడలను గుడ్డిగా నమ్మకూడదు. మొదటివాడు దారి తప్పితే వెనకవాళ్ళందరూ అదే తప్పులో నడుస్తారు, అడుగుజాడలు లోతుగా పడేకొద్దీ అవి నిజమైన బాటలా కనిపిస్తాయి. ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచినా జీపీఎస్ పనిచేస్తుంది. లోపలి జేబులో వెచ్చగా పెట్టుకుని, పావుగంటకోసారి తీసి చూస్తే సరిపోతుంది. అయితే మంచు మీద బాట గీతను అంగుళం తప్పకుండా అనుసరించాలన్న పట్టుదల అనవసరం. వేసవిలో మలుపులు తిరిగే బాట ఇప్పుడు నిటారు మంచు వాలు కింద ఉండవచ్చు. లోయ ఆకారాన్ని చూసుకుని, వాలు తక్కువగా ఉన్న వైపు నడిచి, ముందు ఎక్కడో బాటను కలుసుకోవచ్చు. కాగితం మ్యాపు ఒకటి ఉండి తీరాలి.

ఎండ గురించి మనవాళ్ళు ప్రత్యేకంగా వినాలి. చామనఛాయ ఒంటికి ఎండ ఏమీ చేయదన్న ధీమా ఇక్కడ చెల్లదు. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అందువల్ల గడ్డం కింద, ముక్కు రంధ్రాల లోపలి అంచుల్లో, చెవుల వెనక కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి. పక్కల నుంచి వెలుగు రానివ్వని నల్ల కళ్ళద్దాలు లేకుండా ఒక పగలు నడిస్తే, ఆ రాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టు మంట, నీరు కారడం, చూపు మసకబారడం మొదలవుతాయి. కళ్ళద్దాలు పోతే అట్టముక్కకు సన్నని చీలికలు చేసి కళ్ళకు కట్టుకోవడం తాత్కాలిక ఉపాయం. పెదవులకు రాసుకునే బామ్‌లోనూ ఎండను ఆపే గుణం ఉండాలి.

ఏర్లు

మంచు కంటే ఏర్లకే ఎక్కువ భయపడాలి. 2017లో ఈ బాటపై సియెర్రాలో ఇద్దరు నడక యాత్రికులు ఏర్లలో కొట్టుకుపోయి చనిపోయారు. మంచు మీద జారినవాడికి యాక్స్ ఉంది. ప్రవాహంలో పడినవాడికి అలాంటి సాధనం ఏదీ లేదు. పైగా ఆ నీరు గంట క్రితం దాకా మంచుగా ఉన్న నీరు. కొన్ని నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయి.

ఏరు దగ్గరికి వచ్చిన చోటే దాటాలన్న నియమం లేదు. బాట దాటే చోటు వేసవి నీటికి అనువైనదే గానీ జూన్ నీటికి కాకపోవచ్చు. గట్టు వెంబడి పైకీ కిందికీ అరమైలు దాకా తిరిగి, ఏరు వెడల్పుగా పరుచుకుని నెమ్మదిగా పారే చోటు వెతకాలి. సన్నగా ఉన్న చోటే లోతూ వేగమూ ఎక్కువ. ఎవల్యూషన్ ఏటిని బాట దాటే చోట కాకుండా పచ్చిక మైదానంలో దాటడం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ నీరు నడుము దాకా రావచ్చు కానీ వేగం తక్కువ. సెల్డెన్ కనుమకు ఉత్తరాన ఉన్న బేర్ ఏరు, దాని తరవాత మోనో ఏరు మాత్రం అంత సులువుగా లొంగవు. వాటి దగ్గర సాయంత్రం అయితే గుడారం వేసుకుని తెల్లవారేదాకా ఆగడం ఒక్కటే సరైన పని.

దాటబోయే చోటికి దిగువన ఏముందో మొదట చూడాలి. జలపాతమో, అడ్డంగా పడిన చెట్లో ఉంటే, అక్కడ కాలు జారితే బతకడం కష్టం. మరో చోటు వెతకాలి. బూట్లు విప్పకూడదు. సంచి నడుము బెల్టు, ఛాతీ బెల్టు విప్పి ఉంచుకోవాలి. పడిపోతే సంచిని వదిలేయగలగాలి. ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, కర్రలను ముందు ఆనించి, ఒకసారికి ఒక్క కాలో ఒక్క కర్రో మాత్రమే కదుపుతూ పక్కకు జరగాలి. ముగ్గురు నలుగురు ఉంటే భుజాలు పట్టుకుని ఒకరి వెనక ఒకరుగా దాటడం మేలు; బలమైనవారు ఎగువన నిలబడితే వెనకవారికి ప్రవాహం తగ్గుతుంది. ఒంటరిగా ఏటికి చేరినవారు వెనక ఎవరైనా వస్తారేమోనని గంటల తరబడి ఆగడంలో చిన్నతనమేమీ లేదు. దుంగల మీద దాటేవారు తెల్లవారుజామున వాటి మీద సన్నని గాజు పొరలా మంచు పేరుకుని ఉంటుందని మరవకూడదు. నడవడం కంటే కూర్చుని జరగడం క్షేమం. మంచు వంతెనల మీద నడిచేటప్పుడు అంచు మందం ఎంతో పక్క నుంచి చూసి, ఉదయం వేళే దాటాలి. వుడ్స్ ఏటి మీద ఊగే వంతెన ఉంది, దాని మీద ఒకసారికి ఒక్కరే నడవాలి. చలికాలపు మంచు బరువుకు వంతెనలు కూలిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, బయలుదేరే ముందు పార్కు రేంజర్లను అడిగి తెలుసుకోవాలి.

తిండి, నీళ్ళు

ఈ ప్రాంతంలో చాలా భాగం తిండిని ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, అంటే బేర్ క్యానిస్టర్‌లో పెట్టుకోవాలన్నది పార్కు నియమం. ఒకరికి అందులో సుమారు వారం రోజుల తిండి పడుతుంది. కెన్నెడీ మెడోస్ నుంచి కీర్‌సార్జ్ కనుమకు దారి చీలే చోటి దాకా దాదాపు 86 మైళ్ళు, అక్కడి నుంచి రోడ్డుకు మరో ఏడున్నర మైళ్ళు. మంచులో రోజుకు 10 మైళ్ళ చొప్పున లెక్కవేస్తే తొమ్మిది రోజుల పైమాటే; పైగా ఆపద్ధర్మంగా ఒక రోజు. కాబట్టి తిండి బరువుగా కాకుండా చిక్కగా ఉండాలి.

11,000 అడుగుల ఎత్తులో నీరు సుమారు 89 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి అక్కడ అన్నం వండాలనుకోవడం గ్యాసు దండగ. మన వంటింటి సరుకుల్లో వేడినీళ్ళు పోస్తే చాలనిపించేవి ఎన్నో ఉన్నాయి. అటుకులను నలిపి, వేయించిన పల్లీలు, తాలింపు, కరివేపాకు పొడి కలిపి పొట్లాలుగా కట్టుకుంటే క్యానిస్టర్‌లో చోటూ తక్కువే పడుతుంది. సన్నటి ఉప్మారవ్వను ఇంట్లోనే నేతిలో దోరగా వేయించి తాలింపుతో సహా ఆరబెట్టుకుంటే, వేడినీళ్ళు పోసి మూతపెట్టి ఉన్నిటోపీలో చుట్టి ఉంచిన పది నిమిషాల్లో తయారవుతుంది. కందిపొడి, నెయ్యి దేనిలో కలిపినా నడిచే మనిషికి కావలసిన శక్తిని ఇస్తాయి. చలికి నెయ్యి గట్టిపడుతుంది కనుక సీసాలో కాకుండా వెడల్పు మూత డబ్బాలో పోసుకోవాలి. పల్లీపట్టీ, నువ్వుండలు నడుస్తూ తినడానికి బాగుంటాయి, అయితే తెల్లవారుజామున పల్లీపట్టీని కొరికితే పన్ను విరిగేంత గట్టిగా ఉంటుంది. ముందు రాత్రే ముక్కలు చేసి జేబులో వేసుకోవాలి. ఆవకాయ తీసుకెళ్ళాలనే ముచ్చట ఉన్నవారు తీసుకెళ్ళవచ్చు, కానీ నూనె కారి గుడ్డలకు అంటితే ఆ గుడ్డలు కూడా ఎలుగుబంటికి విందు పిలుపే. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్ సహా వాసన ఉన్న ప్రతిదీ క్యానిస్టర్‌లోకే పోవాలి, దాన్ని గుడారానికి కనీసం 30 మీటర్ల దూరంలో, నీళ్ళకూ కొండ అంచుకూ దూరంగా పెట్టాలి.

చుట్టూ మంచున్నా తాగడం మరిచిపోయేవారు ఎక్కువ. చలిలో దాహం తెలియదు, ఎత్తులో ఊపిరితోనే నీరు పోతుంది. మంచు కరిగించడానికి గ్యాసు చాలా ఖర్చవుతుంది కాబట్టి పారే నీళ్ళు కనిపించినప్పుడల్లా సీసాలు నింపుకోవాలి. నింపేటప్పుడు మంచు అంచు మీద నిలబడకుండా రాయి మీదో మట్టి మీదో నిలబడాలి. రాత్రి సీసాను తలకిందుగా పెడితే గడ్డకట్టేది అడుగు భాగమే, మూత తెరుచుకుంటుంది.

సాయంత్రం, మలవిసర్జన, ఒంటి సంగతి

మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో ఆగినవారికి ఆరబెట్టుకోవడమే పెద్ద పని. ఎండ తగిలే బండ మీద మేజోళ్ళు, బూటు అట్టలు, గుడారపు పైగుడ్డ పరిచి, కాళ్ళను పూర్తిగా ఆరనివ్వాలి. రోజుల తరబడి తడిలో ఉన్న పాదాల చర్మం తెల్లగా ముడతలు పడి చీలుతుంది. పడుకునే ముందు వాజలిన్ రాస్తే కొంత రక్షణ. తడి బూట్లలోనే కాసేపు తిరగవలసి వస్తే, పొడి మేజోళ్ళ మీద ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని బూట్లు వేసుకోవచ్చు.

మంచులో మలవిసర్జన చేసి పైన మంచు కప్పేస్తే అది నెల రోజుల్లో కరిగి నేరుగా తాగే నీళ్ళలో చేరుతుంది. మంచు లేని మట్టి వెతికి, నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి తవ్వాలి. వాడిన కాగితాన్ని సంచిలో వెంట తీసుకురావాలి. మౌంట్ విట్నీ ఎక్కేవారు మలాన్ని కూడా ప్రత్యేక సంచుల్లో మోసుకురావాలన్నది అక్కడి నిబంధన.

కెన్నెడీ మెడోస్ నుంచి మెల్లగా పైకి వచ్చినవారికి ఎత్తు అలవాటవుతుంది. సముద్రమట్టం నుంచి కారులో ఒకే రోజు, కీర్‌సార్జ్ కనుమ కింద రోడ్డు ముగిసే ఆనియన్ వ్యాలీకి వచ్చి మర్నాడే కనుమ ఎక్కేవారికి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి వస్తాయి. కనీసం ఒక రాత్రి అక్కడే గడపాలి. తలనొప్పి తగ్గకుండా నడక తూలితే, లేదా కూర్చున్నా ఆయాసం, దగ్గు వస్తుంటే, ఏ వేళైనా సరే వెంటనే కిందికి దిగాలి.

బయటికి దారులు, ఇంటికి కబురు

కెన్నెడీ మెడోస్ దాటాక రోడ్డు ఎక్కే దారులు కొద్దిగానే ఉన్నాయి. కీర్‌సార్జ్ కనుమ మీదుగా ఆనియన్ వ్యాలీకి, అక్కడి నుంచి ఇండిపెండెన్స్ ఊరికి వెళ్ళడం అందులో సులువైనది. అయినా ఆ కనుమ ఎత్తు 11,760 అడుగులు. దాని తరవాత లెకాంట్ లోయ నుంచి బిషప్ కనుమ మీదుగా బయటపడవచ్చు కానీ ఆ దారి పొడవు, అదీ మంచులోనే. మ్యూర్ ట్రయిల్ రాంచ్, వర్మిలియన్ వ్యాలీ రిసార్ట్ వేసవిలో సరుకులు అందించేవే గానీ, మంచు ఎక్కువైన ఏడాది జూన్‌లో వాటికి వెళ్ళే రోడ్లే తెరుచుకోకపోవచ్చు. ఆ పేర్ల మీద భరోసాతో తిండి తగ్గించుకోకూడదు. ముందు చెప్పిన ఆపద్ధర్మపు రోజు తిండి అయిపోయిన పూటే అతి దగ్గరి దారిన బయటికి వెళ్ళాలని బయలుదేరక ముందే బృందమంతా ఒప్పుకుని ఉండాలి. కనుమ కింద నిలబడి చర్చించే విషయం కాదది.

లోయల్లో ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి ఉపగ్రహ సందేశ పరికరం తప్పనిసరి. కాలిఫోర్నియా వేసవి సమయానికి మన దేశం పన్నెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ సాయంత్రం ఆరింటికి పంపిన ‘క్షేమం’ అక్కడ మర్నాటి ఉదయం ఆరున్నరకు చేరుతుంది. అమ్మానాన్నలకు ఆ వేళ అనుకూలమే. అయితే చెట్ల కింద, ఇరుకు లోయల్లో సందేశం గంటల తరబడి ఆలస్యం కావడం మామూలని, ఒక్క పూట కబురు రాకపోతే కంగారుపడవద్దని, 48 గంటలు దాటితే మాత్రం ఎవరికి ఫోను చేయాలో, ఏ కనుమల మధ్య వెతకమని చెప్పాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చి రావాలి. అదే కాగితం అమెరికాలో ఉన్న ఒక స్నేహితుడి దగ్గర కూడా ఉంటే, రేంజర్ కార్యాలయానికి ఫోను చేయవలసిన పని ఆయన చూసుకుంటాడు.